పేరు రాయని ఆవు

పెదబయలు, 12–8–1926

అన్నయ్యకు నమస్కారం. కొండజ్వరం నా జోలికి రాలేదు, అమ్మను బెంగపడవద్దను.

ఇక్కడ ఒక్క ఆవు జాడ్యంతో చావగానే, కాపరి సోంబరు ఊరి దారికి అడ్డంగా ఆకుల తోరణం కట్టి, నెల్లాళ్లు సంత పశువును రానివ్వలేదు. మంద మొత్తం బతికింది! అది నేను రాసి పంపితే, పశువైద్యుల పత్రికవారు అతని పేరుతో సహా అచ్చువేశారు. సంబరంగా అతనికి చదివి చెప్పాను.

"నా పేరెందుకు డాకటరు బాబూ? ముందు సచ్చిపోయి జాడ్యం సంగతి మాకు తెలిపింది సుక్కావు. దాని పేరేసినారా?" అన్నాడు.

నేను "ఒకటవ నంబరు పశువు" అని రాశాను. ఆ మనిషి ముందు నా చదువు చిన్నబోయింది.

దళసరి దుప్పటి ఒకటి బేగి పంపు. పిల్లలకు ఆశీస్సులు. మన పశువుల సాలలో జాడ్యంతో పోయిన ఆవు పేరేమిటో అమ్మనడిగి రాయి. నాకు గుర్తులేదు.

తమ్ముడు వరహాలరావు