సీలు లేని కంప్యూటర్

సిరిసిల్ల

సుజాతక్కకు,

ముందుగా నీకు, బావకు దండాలు. బావ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు పేచీ పెట్టకుండా బడికి వెళ్తున్నారా? మేమంతా బాగున్నాం, నా గురించి బెంగ పెట్టుకోకు. ఫోన్ చేస్తే పిల్లలు లాక్కుంటారు, నీకు సగం సంగతులే చేరతాయి. అందుకే ఈ ఉత్తరం.

కోరుట్ల వదిలి వచ్చిన కొత్తలో, మరమగ్గాల చప్పుడు తప్ప పలకరించే మనిషే లేదని నీ దగ్గర ఏడ్చాను కదా. ఇప్పుడు ఆ దిగులు లేదు, నిజంగానే లేదు. ముసురు పట్టింది, అత్త మక్కగారెలు వేస్తోంది. నేను నేర్చుకున్న చీర అంచుల డిజైన్ పని ఇంట్లోనే చేసుకుందామని, కంప్యూటర్ కోసం పోయిన నెల నేనూ, మా ఆయనా జగిత్యాల వెళ్లాం.

నీ మరిదికి కంపెనీవాళ్లు బిగించి అమ్మేదే నచ్చింది. "ఖరాబైతె వాళ్లే సూస్కుంటరు. మనం బిగిస్తె ఎవల్ని అడుగుతం?" అన్నాడు. ఆ మాటా నిజమే. కానీ అందులో మెమరీ తక్కువ, పెద్ద డిజైన్ తెరిస్తే మొరాయిస్తుంది. ఇంకాస్త పెట్టుకోవచ్చా అని అడిగితే, సీలు తీస్తే వారంటీ పోతుందన్నాడు దుకాణదారు. నా డబ్బా నేను తెరవకూడదంటే నాకు మనసొప్పలేదు. విడిభాగాలు కొని నేనే బిగిస్తానన్నాను. దేని వారంటీ దానికి ఉంటుందని తెలిశాక నీ మరిది ఒప్పుకున్నాడు, గుబులుగానే.

ఆ ఆదివారం పొద్దున చాప పరుచుకుని కూర్చున్నాం. వీడియో చూస్తూ నేను బిగించాను, అతను మరలు అందించాడు. అత్త పొయ్యి ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. అక్కా, ఎంత పట్టుబట్టి కొనిపించాను! ముందే చెప్పానంటాడని తల దించుకున్నాను. అతను స్విచ్ ఆపి, ఫోన్ లైటు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"మల్ల ఇప్పు. ఒక్కొక్కటి సూద్దాం. తొందరేం లేదు."

చూస్తే మెమరీ పట్టీ ఒక కొస సరిగా కూర్చోలేదు. టక్కుమనేదాకా నొక్కాను. ఈసారి తెర వెలిగింది. అత్త "అచ్చింది గదా, ఇగ లేచి తినుండ్రి" అని లోపలికి పోయింది. ఆ రోజు తిన్నంత ఈ ఊళ్లో ఎప్పుడూ తినలేదు.

మొన్న నేను గీసిన చిక్కుడుతీగ అంచు మగ్గమెక్కింది. గుడ్డ బయటికి వస్తుంటే తడిమి చూస్తూ నిలబడ్డాను. పక్కనే నీ మరిది మగ్గం సేటుతో చెప్తున్నాడు. "డిజైన్ ఆమెదే. కంప్యూటరైతె మేమిద్దరం బిగించినం." నేను కాదనలేదు. ఇద్దరం బిగించిందే.

అవ్వకు నా దండాలు చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే మామిడికాయ తొక్కు పంపు, అత్త కూడా అడిగింది. నువ్వూ బావా మమ్మల్ని దీవించండి. ఆ అంచుతో నేసిన మొదటి చీర నీకోసం తీసిపెట్టాను. పంపను, నువ్వే బస్సెక్కి వచ్చి కట్టుకో.

నీ చెల్లె
కవిత