అత్తయ్య పోసే చలవ

అక్కా,

నువ్వు పోయాక నీ కూతుర్ని పెంచడానికని బావకు నన్నిచ్చి చేశారు. ఇవాళ దాన్ని బందరులో లేడీ డాక్టరుకు చూపించాం. ఆరేళ్లొచ్చినా తల చిన్నగానే ఉంది, మాటలు నాలుగైదు దాటలేదు.

"కడుపుతో ఉండగా తల్లి ఏమైనా తాగేదా?" అని ఆవిడ అడిగింది.

"రోజూ పొద్దున్నే నేనే కల్లు పోసేదాన్నండీ, బిడ్డకు చలవ చేస్తుందని," అంది అత్తయ్య గొప్పగా.

"దానివల్లే అయ్యుంటుందని నా అనుమానం. ఇది నయమయ్యేది కాదమ్మా."

పెడన తిరిగొచ్చి ఇంట్లో అడుగుపెట్టగానే అత్తయ్య, "ఆవిడకేం తెలుసు? మేమంతా తాగే కన్నాం," అంది.

నాకిప్పుడు మూడో నెల. అత్తయ్య కల్లుముంత పట్టుకుని నా ఎదుట నిలబడింది. నేను బావ వంక చూశాను.

"తాగేయ్, అమ్మతో గొడవెందుకు," అన్నాడు, మగ్గం ఆపకుండానే.

నీతోనూ ఇలాగే అన్నాడా, అక్కా?