ముడి లేని వల

సోలాపూర్, అశోక్ చౌక్

అలిగిపోయి చెల్లెలు యశోద ఇంట్లో కూర్చున్నా నా కొడుకే అయిన సిద్ధరాములుకు, మీ అమ్మ ద్రౌపది దీవించి రాయించేది. రాస్తున్నది నీ బిడ్డ ప్రాజక్త. నా మాట మార్చొద్దని దానికి గట్టిగా చెప్పాను.

నీ కొడుకు శుభమ్ పెళ్లాంతో నీలం నగర్‌లో వేరు కాపురం పెడతానన్నందుకు "ఇల్లు చింపుతున్నవురా" అని నువ్వు సిరిసిల్ల బస్సెక్కావు. నేనూ నీ పక్షమే ఉన్నాను. నీ కోడలు స్వాతితో మాటలు బంద్ చేశాను.

మొన్న మన మగ్గాల కార్ఖానా వెనక హౌదు తొట్టి నీళ్లలో పచ్చటి జాలీగుడ్డ తేలుతూ కనిపించింది. "ఎవరే దీన్ని నీళ్లల్ల పడేసింది?" అని స్వాతి మీదికి లేచాను. చేతిలోకి తీసుకుంటే ఎక్కడా ముడి లేదు. ఏ మగ్గం మీది పని ఇది? ప్రాజక్త పకపకా నవ్వింది. "గుడ్డ గాదు నానమ్మా, నాచు. కాలేజీల దీన్ని నీటి వల అంటరు."

ఆ వలలో ఒక్కో పోగు ఒక్కో జీవకణమట. పోగు కడుపులోనే సన్నటి పిల్లకణాలు వేలకొద్దీ పుట్టి, కాసేపు కదలాడి, ఒకదాన్నొకటి పట్టుకుని చిన్న వలగా అల్లుకుంటాయట. తర్వాత తల్లిపోగు గోడ కరిగి, పిల్లవల మొత్తంగా బయటికొస్తుందట. ఆ మీద కొత్త పోగు ఒక్కటీ చేరదు. ఉన్నవే సాగి పెద్దవవుతాయి.

"బయటికి రాకుంటే?" అన్నాను.

"పెరగనీకి జాగా యాడిది?" అంది.

అది చింపుడు కాదురా. కొంతం చౌక్‌లో మా అత్తింటి నుంచి మీ నాన్నా నేనూ వేరుపడి వచ్చిననాడు నువ్వు నా చంకలో ఉన్నావు. అత్త శాపనార్థాలు పెట్టింది. మనం చిరిగిపోయామా? అయితే ఒక్కటి, ఆ తల్లిపోగులా కరిగిపోయే రకం కాదు నేను. శుక్రవారం నీలం నగర్‌లో పాలు పొంగించేది నేనే. నువ్వు రావాలి.

నీ తల్లి ద్రౌపది, వేలిముద్ర.

*

సిరిసిల్లలో ఉన్న నా బిడ్డ యశోదకు అమ్మ దీవెనలు.

నీ అన్న వచ్చాడు. నీలం నగర్ ఇంటి గడప బయటే చాలాసేపు నిలబడ్డాడు. శుభమ్ ఎదురెళ్లి "బాపూ" అన్నా చెప్పులు విప్పలేదు. లోపల కొత్తగా దించిన మగ్గం కంటపడేసరికి "గిట్ల వంకర పెడ్తరార? పోగులన్ని తెగుతయి. బోల్టులు బిగియ్యాలె, పానా తే!" అని కసిరాడు. తండ్రీకొడుకులు చొక్కాలు విప్పి, వాదులాడుకుంటూనే మగ్గం కింద దూరారు. ఇక్కడ పాలు పొంగిన సంగతి ఇద్దరికీ తెలియదు. పిలవడానికి ప్రాజక్త లేవబోతే చెయ్యి పట్టి ఆపాను.

"కొట్లాడుకోనీయే. మగ్గం సరిగ్గ కూసున్నంక వాళ్లే అన్నానికి వస్తరు."

మీ అమ్మ ద్రౌపది.