మట్టి దీపాల అవతల

నేపర్‌విల్,
అక్టోబరు 14.

మా నళినక్కకు చెల్లెలు ఆద్య నమస్కారాలతో రాసేది. ఇక్కడ మేమిద్దరం కులాసా. అక్కడ మీరంతా అలాగే ఉన్నారని తలుస్తాను. ఏడో తరగతితో ఆగిన చదువు నాది. ఒత్తులు తప్పుంటాయి, గీతలు వంకర పోయుంటాయి, ఏమీ అనుకోకు. ఫోన్‌లో చెబుదామంటే మీ ఇంట్లో అందరూ స్పీకర్ చుట్టూ చేరతారు.

ఆయన పొద్దున రెస్టారెంట్ వంటగదికి వెళ్తే నేను పడుకున్నాకే వస్తారు. పెళ్లయి ఇన్నాళ్లయినా, ఎదురుగా ఉంటే సిగ్గుతో నా చూపు ఆయన చొక్కా గుండీల దగ్గరే ఆగిపోతుంది. నా మౌనం చూసి ఆయన వేరే అనుకున్నారు. నీకిక్కడ నచ్చినట్టు లేదు, ఊరికి టికెట్ బుక్ చేయమంటావా, సోమవారం నా సెలవు రోజున చెప్పు అన్నారు.

సోమవారం షికాగో మ్యూజియంకి తీసుకెళ్లారు. అక్కా, అక్కడొక గదిలో రోమ్ వాళ్ల మట్టి దీపాలున్నాయి. మన ప్రమిదల్లా తెరిచి ఉండవు. అరచేతిలో ఇమిడే మూత గిన్నె, నూనె పోయడానికి చిల్లు, వత్తికి ముక్కు. ముక్కు మీద రెండు వేల ఏళ్ల మసి ఇంకా ఉంది. గదిలో వెలుతురు తక్కువ. దీపాలన్నీ ఇప్పుడే కొండెక్కినట్టున్నాయి. నీళ్లలో నడుస్తున్నట్టు నడిచాను.

ఒకదాని మీద నిద్రపోతున్న రెక్కల కుర్రాడు, పక్కన దీపం పట్టుకున్న అమ్మాయి. ఆయన దాని పక్కన పెట్టిన కార్డు చదివి కథ చెప్పారు. ఆ మొగుడు చీకట్లోనే వచ్చేవాడట, ముఖం చూడొద్దనేవాడట. ఆమె ఉండబట్టలేక దీపం వెలిగించి చూసిందట. వేడి నూనె చుక్క భుజం మీద పడి అతను ఎగిరిపోయాడట. దేశాలన్నీ తిరిగి మళ్లీ కలుసుకుందట.

"సొంత మొగుణ్ణి చూసుకుంటే తప్పేంటి, పాపం," అంటూ ఆయన పక్క గదిలోకి వెళ్లారు.

అక్కడే తప్పిపోయాను. చాలాసేపటికి దొరికాను. "ఫోన్ లిఫ్ట్ చెయ్యవేంటి ఆద్యా," అన్నారు, కోపంగా కాదు.

తిరుగు రైల్లో టికెట్ సంగతి అడిగారు. తలెత్తి, ముఖంలోకి చూసి, "వద్దండీ," అన్నాను. ఆయనే చూపు తిప్పుకున్నారు.

నీ
ఆద్య.

తా.క.: నేను తప్పిపోలేదక్కా. దీపాల గాజు పెట్టె వెనకే నిలబడ్డాను. ఆయన నన్ను వెతుక్కుంటూ మళ్లీ ఆ గదిలోకి వచ్చారు. చప్పుడు రాకుండా పెట్టిన ఫోన్ నా చేతిలో అదురుతూనే ఉంది. ఆ దీపాల సందుల్లోంచి ఆయన ముఖం మొదటిసారి కళ్లారా చూశాను. ఎడమ చెంప మీద నూనె చిట్లిన మచ్చ ఉంది. కళ్లలో భయం ఉంది, నాకోసం. ఇంకాస్త చూడాలనిపించి పలకలేదు. ఇది బావగారి కంట పడితే సిగ్గుతో చచ్చిపోతాను. చదవగానే పొయ్యిలో వేసెయ్యి.