పాత తీగ

తమ్ముడూ,

ఈ చీటీ తెచ్చిన పాలతన్ని కబుర్లలో పెట్టకుండా ముందు ఇది చదువు. గాలివానకి కరెంటు పోయి నాన్న ఊపిరి మిషను ఆగిపోయింది. సిలిండరు పెట్టాను గానీ, దాని ముల్లు ఎర్ర గీత మీదికి దిగుతోంది.

ఆస్పత్రికి చెబుదామంటే ఫోను చచ్చి ఊరుకుంది. "టీవీ వచ్చే తీగలోనే మాటలూ వస్తాయక్కా" అని మురిసిపోతూ నువ్వు బిగించావే, ఆ పెట్టె మీద దీపాలన్నీ ఆరిపోయాయి. దానికీ కరెంటు కావాలని ఒక్క ముక్క చెప్పావా? పాత ఫోను ఎంత వానలోనైనా మోగేది. ఉండనివ్వరా అంటే, "గోడకి రెండు తీగలెందుకు, అసహ్యంగా" అని కత్తిరించి పారేశావు. నీ మాట నమ్మి వీధి వీధంతా మార్చుకున్నారు. అందరివీ మూగబోయాయి. ఈ లోయలో సెల్లు పలకదని నీకు తెలుసు.

తిట్లు తర్వాత. మీ ఆఫీసుకి జనరేటరుంది కదా, అక్కణ్ణించి అంబులెన్సుకి చెప్పు. నాన్న పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆయన నా కుడిచెయ్యి వదలడం లేదు, ఎడమచేత్తో రాస్తున్నాను.

బయల్దేరానని చెప్పడానికి ఫోన్ చెయ్యకురా. మోగదు. వచ్చెయ్.

అక్క