రావత్తు లేని ప్రార్థన

నర్సీపట్నం,
మంగళవారం.

తమ్ముడు సాల్మన్‌రాజుకు ప్రభువు పేరట శుభాలు చెప్పి అక్క రాయునది. ఇక్కడ నేనూ, నీ మేనకోడలు షైనీ బాగున్నాం. దాని దగ్గు తగ్గింది. పుణెలో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను ఊకొడతాను. ఇక్కడైతే నా మాట పూర్తవుతుంది.

మన డీటీపీ షాపు కంప్యూటర్లో నువ్వు వేసిన లినక్స్ కొత్త రిలీజ్ ఎలా ఉందని అడిగావు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి. మొన్న ఒక అప్‌డేట్ తర్వాత తెలుగు అక్షరాల కింద రావత్తులు మాయమయ్యాయి. అప్పుడే చర్చి పెద్ద ఏసుపాదం గారింటి ప్రార్థన కూడికకు కార్డులు వేస్తున్నాను. ఆయన కళ్లజోడు తెచ్చుకోలేదు, ప్రూఫు నేనే చదివి వినిపించాను. "పార్థన కూడిక" అని ఉన్నదున్నట్టు చదివాను. "బాగుందమ్మా, బేగి ఏసెయ్" అన్నారు. మనమంతా పలికేదే అది కదా, నా కంటికీ ఆయన చెవికీ తప్పు తగల్లేదు. ఊరంతా పంచాక పాస్టరు గారు పట్టుకున్నారు.

చర్చి నూరేళ్ల పాటల పుస్తకం పని నాకే వస్తుందని ఏడాదిగా ఎదురుచూశాను. "వైజాగ్‌లో ఏయిస్తాం లేమ్మా" అనేశారు ఏసుపాదం గారు. ఏడుపొచ్చింది. ఒక్క పాట వేసి చూపిస్తాను, ఆగండని బతిమాలాను.

లినక్స్‌లోనే ఊరికే మారని స్టేబుల్ రకం వేసుకుంటానంటే, పాత సరుకు అంటావు. పాతదే. దాన్లో ఏది పనిచేస్తుందో, ఏది మొరాయిస్తుందో అందరికీ తెలిసిపోయింది. నాకు కావలసింది అదే. నీ ఆఫీసులో ఇవాళ చెడినది రేపు బాగుచేసుకుంటారు. నా దగ్గర చెడినది కాగితమెక్కి ఇంటింటికీ పోతుంది.

ఇంతసేపూ ఆపుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వు పెట్టినదంతా తుడిచేసి స్టేబుల్ వేసేశాను. పుణె నుంచి నువ్వు నెట్‌లో ఈ కంప్యూటర్లోకొచ్చి సర్దే దారి కూడా మూసేశాను. కోపమొస్తే రానీ, మళ్లీ మార్చను.

నిన్న పాట పట్టుకెళ్లాను. ఏసుపాదం గారు ఈసారి కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం కింద వేలు పెట్టి చూశారు. కంప్యూటర్లో స్టేబుల్ వేశాను, ఇక అక్షరాలు మాయం కావని చెప్పాను.

"స్టేబులంటే ఏటమ్మా?"

"నిన్నున్నట్టే రేపూ ఉంటాది బాబుగారూ."

పుస్తకం నాకే ఇచ్చారు.

నువ్వొచ్చినప్పుడు నీ కొత్త రిలీజ్ నీ ల్యాప్‌టాప్‌లో చూపించు, సరదాగా చూస్తాను. షాపు కంప్యూటర్ మీద మాత్రం చెయ్యి వెయ్యకు.

ఇట్లు,
రోజూ నీ కోసం ప్రార్థన చేసే (రావత్తు ఉంది, చూసుకో)
మీ అక్క రాచెల్