పళ్ళెంలో మిగిలిన ఎండుద్రాక్ష

ఏవండీ,

మీరు ఫోన్ ఎత్తడం లేదు. రాగానే దేవుడి గదిలో పళ్ళెంలో మిగిలిన ఎండుద్రాక్ష చెత్తబుట్టలో వేసి మూత పెట్టండి. కుక్కపిల్లను ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి రండి. అది కూడా తిన్నదో లేదో నేను చూడలేదు. కక్కేదాకా ఆగవద్దని, ఇంట్లో మాత్రలేవీ వేయవద్దని డాక్టరమ్మ చెప్పింది. రెంటినీ ఒక్కదాన్నే మోయలేక తల్లికుక్కను తీసుకెళ్తున్నాను.

తల్లి పొద్దున్నుంచి నాలుగుసార్లు కక్కింది. నీళ్ళు ముట్టలేదు. ఫోన్ చేస్తే డాక్టరమ్మ, "ఏం పెట్టారమ్మా?" అని అడిగింది. పూజలో పెట్టిన ఎండుద్రాక్ష అన్నాను. "అయ్యో, అది కుక్కలకి విషమమ్మా! కిడ్నీలు పోతాయి. ఉన్నపళంగా తీసుకొచ్చెయ్యండి" అంది. దేవుడి ముందు పెట్టింది విషమెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. దీపం దగ్గర కాసేపు నిలబడ్డాను గానీ ఏమీ అడగాలనిపించలేదు. ఏడుపు కూడా రావడం లేదు.

బండి వచ్చింది. వెళ్తున్నాను.

ఇంకో మాట. రోజూ తల్లికి ఒక్క ఎండుద్రాక్షే పెట్టేదాన్ని. నిన్న మీరు మళ్ళీ పూజకు రాలేదని కోపమొచ్చి, మీ వాటా గుప్పెడూ దానికే పెట్టేశాను. డాక్టరమ్మతో మాత్రం ఒక్కటే పెట్టానన్నాను. వెళ్ళగానే నిజం చెబుతాను.